ఔషధ స్వాతంత్ర్యము

(పట్టణ పఠనమందిరమున మేము చేసిన యుపన్యాసము)



ఈ మందిరమున కెదుట మందుల దుకాణ మొకటి గలదు. సభకు వచ్చుచు నచ్చట అమాక్సిసిలిన్ మాత్రల పట్టీ నొకదానిని కొని తెచ్చితిమి. ఇదిగో, ఇదియే. ఊపిరితిత్తులకు జబ్బుచేసిన బిడ్డను, చెవి చీముపట్టిన పసివానిని, వైద్యులు దినదినము దీనితోడనే కాపాడుచున్నారు. పట్టీపై స్వదేశీ కంపెనీ పేరున్నది, ఊరున్నది, వెలయున్నది. కాని యీ మాత్రకు మూలమైన పెనిసిలిన్ ఏ దేశపు తొట్టిలో పులిసి పుట్టినదో యీ యక్షరములు చెప్పవు. బహుకాలముగా నది చైనా దేశపు తొట్టి.

నేటి సభకు మా కొసగిన విషయము “శాస్త్రవిజ్ఞానము, పరిశ్రమలు, ప్రపంచపు పోటీ” యని. విషయము సముద్రము వంటిది. సముద్రము నంతటిని వర్ణింపబూనుట కంటె నొక్క రేవును చక్కగా చూచుట మేలు. కావున మే మీ మాత్ర నొక్కదానినే పట్టుకొని మాటలాడుదుము.

మేము వృత్తిచేత న్యాయవాదులము గనుక చట్టముతో మొదలిడుదుము. 1911వ సంవత్సరమున బ్రిటిషు ప్రభుత్వమువారు మనకొక పేటెంటు చట్టమును గావించిరి. క్రొత్త వస్తువును కనుగొన్నవారికి తొలుత 14 సంవత్సరములు దానిపై నేకస్వామ్యము నిచ్చుట దాని యుద్దేశము. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట ఈ చట్టము మనకేమి మేలు చేసినదో విచారింపుడని న్యాయమూర్తి రాజగోపాల అయ్యంగారు గారిని ప్రభుత్వము నియమించెను. 1959లో వారొసగిన నివేదిక న్యాయవాదులు మాత్రమే గాక పౌరులందరును చదువదగినది. మనదేశమున నమోదైన పేటెంటులలో నత్యధిక భాగము విదేశీయులవనియు, అందు హెచ్చుభాగ మిచ్చట తయారీకి రానేలేదనియు వారు చూపిరి. అనగా హక్కు మాత్ర మిచ్చటను, కర్మాగారము వేరొకచోటను ఉండెను. ఇతరులు తయారు చేయకుండ నడ్డుపడుటకే పేటెంటు పనికివచ్చెను. కొన్ని మందుల ధరలు మన బీదదేశముననే ప్రపంచములోకెల్ల హెచ్చుగా నున్నవని అమెరికా సెనేటు నియమించిన కెఫావర్ సంఘమువారు సైత మా కాలముననే వ్రాసిరి.

ఆ నివేదిక ఫలముగా 1970లో క్రొత్త పేటెంటు చట్టము వచ్చెను. 1972 ఏప్రిలు 20వ తేదీ నుండి యమలులోనికి వచ్చెను. దాని మర్మము నొక్క యుపమానముతో చెప్పుదుము. గోంగూర పచ్చడి చేయు నొకానొక విధముపై హక్కు వేరు. గోంగూర పచ్చడి పైననే హక్కు వేరు. మొదటి హక్కున్నచోట పొరుగింటి యిల్లాలు మరియొక విధమున పచ్చడి నూరుకొనవచ్చును. రెండవ హక్కున్నచోట ఆమె రోలు బోర్లించుకొనవలసినదే. 1970 నాటి చట్టము ఆహారౌషధముల విషయమున మొదటి హక్కును మాత్రమే నిలిపి, రెండవదానిని తీసివేసినది. ఆ మొదటి హక్కునకును గడువు కుదించినది: దరఖాస్తు దాఖలైన నాటినుండి 7 సంవత్సరములు, లేదా ముద్రపడిన నాటినుండి 5 సంవత్సరములు, ఏది తక్కువయైన నది.

దీనిని దొంగతన మనువారు విదేశములలోను స్వదేశములోను గలరు. వారికి మా ప్రత్యుత్తరము చరిత్రయే. ఔషధ వస్తువుపై పేటెంటును జర్మనీ 1968లోను, జపాను 1976లోను, స్విట్జర్లాండు 1977లోను, ఇటలీ 1978లోను అంగీకరించినవి. అంతవరకు ఆ దేశముల రసాయన కర్మాగారములు పేటెంటులేని నీడననే పెరిగినవి. నిచ్చెన నెక్కిన పిమ్మట దానిని పైకి లాగికొని, క్రిందివారికి ఎగురుట నేర్పువారి నీతి మనకు శిరోధార్యము గానక్కరలేదు.

అయినను చట్ట మొక్కటియే మందు చేయలేదు. చట్టము తలుపు తెరచినది. లోనికి నడువ కాళ్లు వలయును. ఆ కాళ్లు మన కెట్లు వచ్చినవి? 1944లో నిజాము రాజ్యమున హైదరాబాదునందు నెలకొల్పిన పరిశోధనాలయము తరువాత ప్రాంతీయ పరిశోధనశాలయై, నేడు భారతీయ రసాయన సాంకేతిక సంస్థ యను పేర వెలయుచున్నది. 1954లో పింప్రీయందు ప్రపంచ ఆరోగ్య సంస్థయు యూనిసెఫును తోడ్పడగా హిందూస్థాన్ యాంటీబయోటిక్స్ అను ప్రభుత్వ కర్మాగారము వెలసి, 1955లో పెనిసిలిన్ తీయనారంభించెను. 1961లో సోవియట్ రష్యా సాయముతో ఐ.డి.పి.ఎల్. స్థాపితమై, ఋషీకేశమున నొక శాఖను, మన హైదరాబాదు బాలానగరమున మరియొక శాఖను నడపెను. ఈ కర్మాగారములు లాభనష్టముల పద్దులో నెట్లున్నను, అవి గొప్ప పాఠశాలలు. అచ్చట పనిచేసి పని నేర్చినవారే తరువాత సొంత కర్మాగారములు పెట్టిరి. 1984లో డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించిన కల్లం అంజిరెడ్డి గారు పూర్వ మా ఐ.డి.పి.ఎల్. ఉద్యోగియే. హైదరాబాదు చుట్టును నేడు వ్యాపించియున్న మందుల పరిశ్రమ ఆకాశమునుండి ఊడిపడలేదు. చట్ట మిచ్చిన వ్యవధి, ప్రభుత్వ మిచ్చిన శిక్షణ, వ్యక్తులు చూపిన సాహసము, ఈ మూడును కలిసినందున గలిగినది.

ఫలము లోకమంతయు చూచినది. ఎయిడ్స్ వ్యాధికి వాడు మూడు మందుల చికిత్సకు ఒక్క రోగికి సంవత్సరమునకు 10,000 డాలర్లకు పైబడి విదేశీ కంపెనీలు వసూలు చేయుచుండగా, 2001లో సిప్లా సంస్థాధిపతి యూసుఫ్ హమీద్ గారు 350 డాలర్లకే యిత్తునని ప్రకటించిరి. ఆఫ్రికాఖండమున చావునకు సిద్ధమైయున్న లక్షలాది జనులకు బ్రతుకుపై నాశ కలిగినది. పోటీ యనగా నిదియే యని మా యభిప్రాయము. తన ప్రజల బలిమితో ఇతర ప్రజలకును మేలుచేయు పోటీ.

ఇక రెండవ యంకము. 1995 జనవరి 1వ తేదీన ప్రపంచ వాణిజ్య సంస్థ యేర్పడినది. దాని నిబంధనల ప్రకారము 2005 నుండి మనము మరల ఔషధ వస్తువుపై 20 సంవత్సరముల పేటెంటు నొసగవలసివచ్చెను. పచ్చడిపైననే హక్కు తిరిగివచ్చినది. అయితే మన పార్లమెంటు ఒడంబడికకు లోబడియు రెండు కట్టుబాట్లను నిలుపుకొన్నది. మొదటిది 3(డి) అను ఉపవిభాగము. పాతమందునే స్వల్పముగా మార్చి, గుణము హెచ్చినట్లు చూపకయే, మరల పేటెంటు కోరుటను అది నిషేధించును. నోవార్టిస్ కంపెనీవారి క్యాన్సరు మందు గ్లీవెక్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు 2013 ఏప్రిలు 1వ తేదీన ఈ నిబంధననే స్థిరపరచినది.

రెండవది నిర్బంధ అనుమతి. పేటెంటు పుట్టి మూడేండ్లు గడచినను ప్రజావసరము తీరకున్నను, ధర అందుబాటులో లేకున్నను, ఇచ్చట తయారీ జరుగకున్నను, మరియొకనికి తయారు చేయు ననుమతి నొసగుమని 84వ విభాగము క్రింద కోరవచ్చును. 2012 మార్చి 9వ తేదీన హైదరాబాదు నాట్కో సంస్థకు బేయర్ కంపెనీవారి సోరాఫెనిబ్ అను క్యాన్సరు మందు విషయమున నిట్టి యనుమతి లభించినది. నెలకు 2,80,000 రూపాయలుగా నున్న మందును 8,880 రూపాయలకు మించక అమ్మవలెననియు, పేటెంటుదారునకు 6 శాతము రాయల్టీ చెల్లింపవలెననియు ఉత్తర్వు. ఆ రాయల్టీ తరువాత 7 శాత మైనది.

ఈ సంఖ్యలు మాకు కేవలము సంఖ్యలు గావు. స్వచ్ఛంద సేవకులముగా క్యాన్సరు రోగుల కుటుంబములకు దరఖాస్తులు వ్రాసిపెట్టిన దినములు మాకు గలవు. ఒక పల్లెటూరి రైతు తన భార్య మందునకై మూడు నెలలలో అరయెకరము నమ్మి, నాలుగవ నెల మా బల్లకెదుట కూర్చుండి, “అయ్యా, మిగిలినది అమ్మమందురా, వద్దందురా?” అని యడిగెను. న్యాయశాస్త్రమున దానికి సమాధానము లేదు. చట్టము సరిగా నున్నచోట ఆ ప్రశ్నయే పుట్టదు.

అట్టి నిర్బంధ అనుమతి మనదేశమున నీయబడినది ఆ యొక్కపర్యాయమే. అంతియే గాదు. పేటెంటు పొందినవారు దాని నిచ్చట తయారీకి తెచ్చిరో లేదో ఏటేట తెలుపవలెనను 27వ నమూనా యొకటి గలదు. నాట్కో వ్యాజ్యమున అట్టి వివరములే పనికివచ్చినవి. 2024 మార్చిలో సవరించిన నియమములచే ఆ లెక్క మూడేండ్ల కొకసారి చాలునట. ఇది చిన్న మార్పువలె గన్పట్టును. కాని న్యాయస్థానమున సాక్ష్యము లేని హక్కు ఒరలేని కత్తి గాదు, పిడిలేని కత్తి. చట్టమును రద్దుచేయనక్కరలేదు, కాగితములు తగ్గించిన చాలును.

ప్రతిపక్షమువారి వాదమును గూడ న్యాయముగా చెప్పవలయును. క్రొత్త మందును కనుగొనుటకు పెక్కేండ్లును అపారధనమును పట్టును; పది ప్రయత్నములలో తొమ్మిది భగ్నమగును; పేటెంటు లేనిచో ఎవ్వరా సాహసము చేయుదురని వారందురు. ఇందు సత్యము లేకపోలేదు. 1997లో డాక్టర్ రెడ్డీస్ వారు తాము కనుగొన్న మధుమేహపు టణువు నొకదానిని డెన్మార్కు నోవో నార్డిస్క్ కంపెనీకి లైసెన్సుగా నిచ్చిరి. మనదేశపు కంపెనీ యిట్లు చేయుట కది యాది. ఎన్నో యేండ్లు శ్రమించినను ఆ యణువు దుకాణము చేరలేదు. పరిశోధన జూదము గాదు గాని, నష్టమున కోర్చుకొను గుండె కావలయును. కావున పేటెంటే వలదని మే మనము. హక్కును, కర్తవ్యమును జతచేయుడందుము.

ఇపుడు మాత్రవద్దకు మరల వత్తము. పెనిసిలిన్ ఒక శిలీంధ్రము పెట్టు ఫలము. మనము పిండిని పులియబెట్టినట్లే, ఆ బూజును చక్కెరనీటిలో, శుద్ధిచేసిన గాలి నూదుచు, పెద్ద తొట్లలో పెంచుదురు. సూత్ర మెల్లరకు దెలిసినదే. రహస్యమంతయు బూజు జాతిలోను, తొట్టి కాపలావాని కంటిలోను ఉన్నది. ఏటేట మేలుజాతిని యెన్నుకొనుచు, తొట్టికి దిగుబడి పెంచుచు పోయినవాడు గెలుచును. ఆగినవాడు ఓడును.

మన మాగితిమి. 1955లో ఆరంభించిన విద్యను 1990ల తరువాత పోగొట్టుకొంటిమి. దిగుమతి సుంకములు తగ్గినవి. చైనావారు గొప్ప కర్మాగారములు కట్టి చౌకగా కుమ్మరించిరి. మన తొట్లొక్కొక్కటిగా ఎండిపోయినవి. ఐ.డి.పి.ఎల్. 1992లో పీడిత పరిశ్రమగా ప్రకటింపబడెను. అంతయు పరదేశీయుల దోషమే యనుట ఆత్మవంచన. మన ప్రభుత్వ కర్మాగారములలో దిగుబడి పెంచు పట్టుదల సన్నగిల్లినది. మందు ధర నిర్ణయించునదియు, కర్మాగారమునకు యజమానియు నొక్క ప్రభుత్వమే యైనందున లెక్క యడుగువారును చెప్పువారును ఒక్కరే యైరి. మందుల కంపెనీలు సైతము మూలద్రవ్యమును కొని తెచ్చి మాత్రలుగా నొత్తుటయే లాభమనుకొనెను. దుకాణదారుని లెక్కలో నది తప్పుగాదు. దేశపు లెక్కలో తప్పు.

తప్పని 2020లో తెలిసినది. కరోనా మహమ్మారి చైనాలో పొడసూపగానే మూలద్రవ్యములు రావేమోనని మన ప్రభుత్వము భయపడి, ఆ మార్చినెలలో పారసెటమాల్ మొదలగు 26 మందుల యెగుమతికి నిర్బంధములు విధించెను. ప్రపంచపు మందులశాల యని పేరొందిన దేశము తన యింటి యలమర తాళము వేసికొనవలసివచ్చెను. ఆ సంవత్సరమే మూల ఔషధద్రవ్యముల తయారీకి ప్రోత్సాహకముగా 6,940 కోట్ల రూపాయల పథకము వచ్చెను. అందు పెనిసిలిన్ జి ముఖ్యమైనది. దాని ఫలముగా మన కాకినాడ ప్రాంతమున అరబిందో వారి యనుబంధ సంస్థ నెలకొల్పిన పెనిసిలిన్ కర్మాగారము 2024లో ఆరంభమైనది. సంతోషింపదగిన వార్త.

కాని కథ ముగియలేదు. ఇచ్చట తొట్టి నిండునంతలో అచ్చటివారు ధర దింపిరి. అందుచే పెనిసిలిన్ జి, దానినుండి వచ్చు ద్రవ్యములు నిర్ణీత ధరకు తక్కువగా దిగుమతి కారాదని కనీస దిగుమతి ధర నేర్పరచవలెనను చర్చ 2025లో బయలుదేరినది. ఔషధనీతియంతయు నీ యొక్క ప్రశ్నలో నున్నది గనుక సభవారు శ్రద్ధగా వినవలయును.

తయారీదారు లందురు: “రక్షణ లేనిచో మేమును పింప్రీ దారినే పోవుదుము.” ఇది నిజము. మాత్రలు చేయు చిన్న కంపెనీలవా రందురు: “మూలద్రవ్యపు ధర మీరు పెంచుదురు. అమాక్సిసిలిన్ అత్యవసర ఔషధముల జాబితాలో నున్నందున మా మాత్రపై గరిష్ఠధర మీరే కట్టుదురు. రెండు రాళ్ల నడుమ మేము పిండి యగుదుము.” ఇదియు నిజమే. పిండియైన వారు మాత్ర చేయుట మానినచో నష్టపడునది రోగియే.

మా యభిప్రాయ మిది. రక్షణ నీయవలయును, కాని రక్షణ నేర్చుకొనుటకు గాని నిద్రించుటకు గాదు. కాలపరిమితి ముందే ప్రకటింపవలయును. ఏటేట నది తగ్గవలయును. రక్షణ పొందువారు తొట్టి దిగుబడి యెంత హెచ్చినదో, ఖర్చెంత తగ్గినదో సంవత్సరమున కొకసారి బహిరంగముగా తెలుపవలయును. ధరల వ్యత్యాసము రోగిపై బడకుండ, ప్రభుత్వ వైద్యశాలలకు కొను మందులలో నిర్ణీతభాగము స్వదేశీ మూలద్రవ్యముతో చేసినదిగా నుండవలెనని నియమించి, ఆ యదనపు వ్యయమును ఖజానా భరింపవలయును. దేశరక్షణకై తుపాకులు కొనుటకు లాభనష్టములు చూడము. ఇదియు దేశరక్షణయే.

ఇంతటితో తృప్తిపడుదమా? ప్రభుత్వ లెక్కల ప్రకారము మందుల పరిమాణమున మనది ప్రపంచములో మూడవ స్థానము, విలువలో పదునాలుగవది. ఈ రెండంకెల నడుమనున్న దూరమే మన మింకను నడువవలసిన దారి. బస్తాలు మనవి, కనుగొనిన బుద్ధి యొరులది. బుద్ధి మనకు లేకనా? 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లే పరిశోధనాలయమున ఎన్ని మందులకు మూలపురుషులైరి! గోదావరి మండలములను పీడించు బోదకాలు వ్యాధికి వాడు డైఇథైల్‌కార్బమజైన్ వారి పర్యవేక్షణముననే 1947లో వెలువడినది. మన యూరి రోగమునకు మన యూరివాడు మందు కనుగొన, సముద్రముల కావలనున్న పరిశోధనశాల కావలసివచ్చెను. 1948లో వారచ్చటనే కన్నుమూసిరి.

అట్టి శాలలకు మనము పెట్టు వ్యయ మెంత? పరిశోధనకు మన జాతీయోత్పత్తిలో నూటికి 0.64 వంతు, 2020-21 లెక్క. చైనా 2 శాతమునకు మించియు, దక్షిణ కొరియా 4 శాతమునకు మించియు పెట్టుచున్నవి. మన స్వల్పములోను సగముకన్న నెక్కుడు ప్రభుత్వపు సొమ్మే. పోటీనిగూర్చి సభలలో ఉపన్యసించు పరిశ్రమాధిపతులు తమ సంచి విప్పుటలో వెనుదీయుచున్నారు. 2025లో కేంద్రప్రభుత్వము పరిశోధనకై లక్షకోట్ల రూపాయల నిధి నొకదాని నేర్పరచి, తక్కువ వడ్డీకి గాని వడ్డీ లేకయే గాని కంపెనీలకు దీర్ఘకాలపు ఋణములిచ్చుటకు నిశ్చయించినది. మంచిదే. కాని ప్రజల ధనముతో పుట్టిన మందు ప్రజలకు అందుబాటు ధరకు దొరకవలెనను షరతు ఋణపత్రముననే వ్రాయవలయును. తరువాత వేడుకొనుట కంటె ముందు వ్రాసికొనుట మేలని మా వృత్తి మాకు నేర్పినది.

మరియొక్క మాట, చేదైనది. చౌక యనుపేర నాణ్యము విడిచినచో పోటీయు నిలువదు, ధర్మమును నిలువదు. 2022లో గాంబియా దేశమున పసిపిల్లల మరణములకు సంబంధించి, మనదేశమున తయారైన దగ్గుమందులను గూర్చి ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిక వెలువరించినది. మన హైదరాబాదు ప్రక్కనే పటాన్‌చెరు ప్రాంతపు చెరువులును వాగులును కర్మాగారముల మురుగుచే పాడైనవని 1990లోనే సుప్రీంకోర్టున వ్యాజ్యము దాఖలైనది. దేశమునకు మందొసగు పరిశ్రమ పొరుగూరి నీటిలో విషము గలుపుట స్వదేశాభిమాన మనిపించుకొనదు. తనిఖీ యధికారుల సంఖ్యను, పరీక్షాలయములను పెంచుట పరిశ్రమకు శత్రుత్వము గాదు. దాని పేరును నిలుపు మార్గము.

సోదరులారా, ఇవి ఢిల్లీలో తేలవలసిన సంగతులు, మనకేల యని యనుకొనవలదు. నియమముల ముసాయిదాలు ప్రకటించి ప్రభుత్వము ప్రజాభిప్రాయము కోరినపుడు కంపెనీల న్యాయవాదులు కట్టలకొలది వ్రాయుదురు. పఠనమందిరములనుండి పోవు కాగితము లెన్ని? 27వ నమూనా మార్చినపు డీ పట్టణమునుండి పోయిన యభ్యంతరము లెన్ని? మాతో సహా ఎవ్వరమును వ్రాయలేదు. ఆ లోపమును మేము మొదట మాపైననే వేసికొనుచున్నాము. వచ్చు ఆదివారము ఉదయ మీ మందిరముననే కూర్చుండి, పేటెంటు వినియోగపు లెక్క మరల ఏటేట తెలుపవలెనని కోరుచు నొక మహజరు వ్రాయుదుము. ఆంగ్లమున మేము వ్రాసెదము. తెలుగున చదివి వినిపించెదము. సమ్మతించినవారు సంతకము చేయుదురు.

ఈ పట్టీని అధ్యక్షులవారి బల్లపై నుంచి సెలవు గైకొనుచున్నాము. ఆదివారము వచ్చునపుడు మీ మీ యిండ్లలోని మందుల పట్టీలను గూడ వెంటదెండు. దేని మూల మెక్కడిదో కలిసి వెదకుదము.